నిప్పు కావాలి, మసీదు వద్దు
షిర్డీ ధుని గురించి మా మాట

1

షిర్డీ వెళ్లొచ్చిన వాళ్లు పంచే చిన్న కాగితం పొట్లం ఎరగని వీధి తెలుగునాట ఉండదు. అందులో ఉండేది ఊదీ. పిల్లాడికి జ్వరమొస్తే నుదుట పూస్తారు. పరీక్షకు పోయే పిల్ల నాలుక మీద చిటికెడు వేస్తారు. ఆపరేషన్‌కు సిద్ధమైన మనిషి దిండు కింద పెడతారు. ఆ బూడిద ఒక నిప్పులోంచి వచ్చింది. ఆ నిప్పు ఆరకుండా మండుతోంది. మండుతున్నది ఒక మసీదులో.

మొదటి రెండు మాటలూ అందరూ సంతోషంగా చెబుతారు. మూడో మాట దగ్గరే గొంతు సర్దుకుంటారు. 'ద్వారకామాయి' అంటారు. 'బాబా ఉన్న చోటు' అంటారు. మరీ తప్పకపోతే 'ఏదో పాడుబడ్డ మసీదులే' అంటారు. మేం అడుగుతున్నది చాలా చిన్న ప్రశ్న. మసీదులో మండే నిప్పు బూడిదను ఇంత భక్తిగా నుదుట పెట్టుకుంటున్న వాళ్లకు, ఆ మసీదును మసీదు అనడానికి నోరెందుకు రాదు?

ఎవరి భక్తినీ కించపరచడానికి మేం ఈ వ్యాసం రాయడం లేదు. కన్నీళ్లతో ఆ గడప తొక్కే మనిషి హిందువైతేనేం, ముస్లిమైతేనేం, ఆ కన్నీళ్లు మాకూ గౌరవమే. మా పేచీ పుస్తకాలతో, వ్యాఖ్యానాలతో, సినిమాలతో, క్యాలెండర్లతో. ఒక ఫకీరు వెలిగించిన నిప్పుకు ఇవన్నీ కలిసి ఏ అర్థం కట్టబెట్టాయి, ఏ అర్థాన్ని ఊడ్చేశాయి అన్నదే మా పరిశీలన.

2

సాయిబాబా చరిత్రకు మూల గ్రంథం అని అందరూ ఒప్పుకునేది 'శ్రీ సాయి సచ్చరిత్ర'. మరాఠీలో ఓవీ ఛందస్సులో దీన్ని రాసింది గోవింద రఘునాథ దభోల్కర్. బాబా ఆయనకు పెట్టిన పేరు హేమాడ్‌పంత్. 1929లో ఆయన కన్నుమూశారు. 1944లో ఎన్.వి. గుణాజీ దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. అది మాటకు మాట అనువాదం కాదు, కుదించి, సర్ది రాసిన పుస్తకం. తెలుగువాళ్లు పారాయణ చేసే సచ్చరిత్ర ఎక్కువగా ఈ ఇంగ్లీషు దారి గుండా వచ్చిందే. అంటే తెలుగు పాఠకుడి చేతికొచ్చేసరికి ఆ ఫకీరు మాట రెండు జల్లెళ్లు దాటింది.

ఈ గ్రంథం ఏడో అధ్యాయంలో ఒక చర్చ ఉంది. బాబా హిందువా, ముస్లిమా? రచయిత రెండు వైపులా సాక్ష్యాలు పేరుస్తాడు. ముస్లిం అందామా అంటే చెవులు కుట్టి ఉన్నాయి. హిందువు అందామా అంటే మసీదులో కాపురం. ముస్లిం అందామా అంటే మసీదులో ఎప్పుడూ ధుని మండుతూ ఉంటుంది. ఆ వెంటనే తిరగలి విసరడం, శంఖం, గంట, నిప్పులో ఆహుతి, భజన, ఇవన్నీ ముస్లిం మతానికి విరుద్ధమైన పనుల జాబితాలో చేరతాయి.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ధుని గురించి ఇంత పెద్ద గ్రంథం చేసిన మొదటి పని ఏమిటి? దాన్ని సాక్షిగా బోనెక్కించింది. నిప్పు ఉంది గనుక ఈయన పూర్తి ముస్లిం కాదు అన్న సాక్ష్యం దాని చేత చెప్పించింది. రచయితకు దురుద్దేశం ఉందని మేం అనడం లేదు. ఆయన చివరికి తేల్చింది, బాబా ఈ రెండు గుర్తింపులకూ అతీతుడని. అది ఆయన ప్రేమతో చెప్పిన మాటే. కానీ ఆ తీర్పు వెనక ఒక ఊహ దాక్కుని ఉంది. ముస్లిం అంటే ఎలా ఉండాలో ఆయనకు ముందే తెలుసు. నిప్పు, వాద్యం, పాట, బూడిద ఇవేవీ ముస్లింకు ఉండవని ముందే తీర్మానమైపోయింది.

ఏ ముస్లింకు ఉండవు? అరబ్బు కితాబుల్లోని ముస్లింకా, ఈ నేల మీద తిరిగిన ముస్లింకా?

ఈ దేశపు దారుల్లో ఫకీర్లు ఎన్ని రకాలో చూస్తే ఆ జాబితా నిలవదు. కాన్పూరు దగ్గర మకన్‌పూర్‌లో షా మదార్ దర్గా ఉంది. ఆయన దారిన నడిచే మలంగులు జడలు పెంచుతారు, ఒంటికి బూడిద పూస్తారు, ధుని చుట్టూ కూర్చుంటారు. వాళ్లు తమను ముస్లింలమనే చెప్పుకుంటారు. లాహోరులో షా హుసేన్ దర్గా దగ్గర జరిగే మేలా పేరే చిరాగుల మేలా. అక్కడ పెద్ద మంట వేసి దాని చుట్టూ ఫకీర్లు ఆడతారు. అంత దూరం ఎందుకు? మన పల్లెల్లో పీర్ల చావడి ముందు తవ్వే అలావా గుండం ఏమిటి? పదిరోజులు అందులో నిప్పు రగులుతుంది. దాని చుట్టూ మాదిగ డప్పు మోగుతుంది. దూదేకుల సాయిబు పీరునెత్తుకుంటే, కాపు ఇంటి ఆడబిడ్డ కొంగులో గుండం బూడిద మూటగట్టుకుంటుంది. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పేరుతో జరిగే మొహర్రంలో నిప్పుల గుండం తొక్కే జనంలో ఎవరిది ఏ మతమో లెక్కతీసే మొనగాడు ఎవడు?

ధుని అన్న మాట యోగుల దగ్గర పుట్టి ఉండొచ్చు. నాథ యోగులకూ ధుని ఉంది. మేం కాదనం. ఫకీరూ యోగీ ఒకే చెట్టు కింద రాత్రి గడిపిన దేశం ఇది. ఒకరి నిప్పుతో ఇంకొకరు చిలుం ముట్టించుకున్నారు. ఆ నిప్పు ముందు ఎవరిదని అడగడమే అర్థంలేని పని. కానీ అడిగి, అది హిందూ గుర్తని తేల్చి, ఆ తీర్పుతో ఒక ఫకీరు ముస్లింతనాన్ని కొట్టేస్తుంటే ఊరుకోవడం మా వల్ల కాదు.

3

ఇంతకీ ఆ నిప్పుకు అర్థం ఏమిటి? ఈ ప్రశ్నకు వ్యాఖ్యాతలకన్నా బాబా బతుకే బాగా జవాబిస్తుంది. సచ్చరిత్రలోనే మూడు సంగతులున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివిన వాళ్లు తక్కువ.

మొదటిది చాంద్ పాటిల్ కథ. ఔరంగాబాదు దగ్గర ధూప్‌ఖేడ్ ఆయన ఊరు. అప్పట్లో అది నిజాం రాజ్యం. తప్పిపోయిన గుర్రం కోసం తిరిగి తిరిగి అలసిన ఈ ముస్లిం పెద్దమనిషికి చెట్టు కింద ఒక ఫకీరు కనిపిస్తాడు. కూర్చో, చిలుం తాగి పో అంటాడు. నిప్పు కావాలి. చేతిలోని చిమటా నేలలో గుచ్చితే నిప్పుకణిక బయటికొచ్చిందని కథ. నేలలోంచి నిప్పు వచ్చిందా లేదా అన్నది మాకు ముఖ్యం కాదు. ఈ చరిత్రలో నిప్పు మొదటిసారి ఎందుకు కనిపించిందో చూడండి. పూజ కోసం కాదు, అలసిన బాటసారితో ఒక చిలుం పంచుకోవడానికి. చిలుం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయేది. ఎంగిలి అనుకునే వాళ్లకు చిలుం లేదు.

రెండోది 1910 దీపావళి రోజుల్లో జరిగింది. ధుని ముందు కూర్చుని కట్టెలు తోస్తున్న బాబా ఉన్నట్టుండి చెయ్యి నిప్పులో పెట్టాడు. పక్కనున్న వాళ్లు పట్టి లాగేసరికి కాలింది. ఎందుకయ్యా ఇలా చేశావంటే, ఎక్కడో దూరాన కొలిమి దగ్గర తిత్తి ఊదుతున్న కమ్మరి ఇల్లాలిని మొగుడు పిలిచాడనీ, ఆమె గబుక్కున లేవడంతో ఒళ్లోని బిడ్డ కొలిమిలో పడిందనీ, ఆ బిడ్డను తీశాననీ చెప్పాడు. నా చెయ్యి కాలితే కాలింది, బిడ్డ బతికింది చాలునన్నాడు.

భక్తులు దీన్ని మహిమ అంటారు. సినిమాలవాళ్లకు ఇది ట్రిక్ షాట్. మాకు ఇందులో వేరే కనిపిస్తుంది. ఇందులో రెండు నిప్పులున్నాయి. ఒకటి ఫకీరు ధుని, ఇంకొకటి కమ్మరి కొలిమి. కొలిమి పనిచేసే చేతుల నిప్పు. పురుటి పచ్చి ఆరకముందే తిత్తి ఊదాల్సిన ఆడమనిషి నిప్పు. అక్కడ బిడ్డ కాలితే ఇక్కడ చెయ్యి కాలింది. ఎవరి బతుకు ఎక్కడ కాలినా నా చెయ్యి అక్కడ ఉండాలి అన్నదే ఈ నిప్పు చెప్పే ఆధ్యాత్మికత. యజ్ఞగుండం దగ్గర కూర్చునే వాడికి చెయ్యి కాలదు. నెయ్యి పోయడానికి పొడుగాటి గరిటె ఉంటుంది.

కథ అక్కడితో అయిపోలేదు. నానాసాహెబు చాందోర్కర్ బొంబాయి నుంచి డాక్టర్ పరమానందను పిలిపించాడు. బాబా ఆయన్ని చెయ్యి ముట్టుకోనివ్వలేదు. ఆ చేతికి రోజూ నెయ్యి రాసి ఆకేసి కట్టు కట్టింది భాగోజీ షిందే. ఆయన కుష్ఠు రోగి. గాయం మానిన తర్వాత కూడా ఆ కట్టు కట్టడం బాబా కడదాకా సాగింది. ఊరు దూరంగా పెట్టిన చేతులకు తన చెయ్యి అప్పజెప్పాడు ఆ ఫకీరు. ధుని అర్థం చెప్పేవాళ్లు భాగోజీ పేరు చెప్పకుండా ముగిస్తే ఆ అర్థం అరకొరే.

మూడోది దక్షిణ సంగతి. బాబా వచ్చినవాళ్లను దక్షిణ అడిగేవాడు. ఆ డబ్బులో చాలా వరకు దానంగా పోయేది. మిగిలిన దాంతో ధునికి కట్టెలు కొనేవాడు. అంటే మీ జేబులోని రూపాయి కట్టె అవుతుంది, కట్టె నిప్పవుతుంది, నిప్పు బూడిదవుతుంది. ఆ బూడిదే మీ చేతికి తిరిగొస్తుంది. మీరిచ్చిన రూపాయి విలువ ఇంతేనని ముఖం మీద చెప్పడం ఇది. ఇంత సూటిగా పాఠం చెప్పిన ఫకీరు సమాధి దగ్గర నేడు బంగారు సింహాసనం ఉంది. ఇంతకన్నా మేం వ్యాఖ్యానించం.

4

సచ్చరిత్ర ముప్పై మూడో అధ్యాయంలో ఊదీకి అర్థం చెప్పారు. కనిపించే జగత్తంతా బూడిదలాగా నిలవనిది, ఈ దేహమూ చివరికి బూడిదే, ఊదీ వివేకాన్ని నేర్పితే దక్షిణ వైరాగ్యాన్ని నేర్పుతుంది, బ్రహ్మమొక్కటే సత్యం. ఈ వ్యాఖ్యానం తప్పని మేం అనం. వేదాంతం చదువుకున్న మనిషికి బూడిదలో బ్రహ్మం కనిపించడం సహజమే. కానీ సూఫీల నోట అదే అర్థానికి ఇంకో పేరుంది. ఫనా. నేను అన్నది మిగలకుండా పోవడం. దీపం చుట్టూ తిరిగే పర్వానా సంగతి ఉర్దూ చదవని సాయిబుకు కూడా ఖవ్వాలీల్లో విని తెలుసు. పురుగు మంటను పూజించదు. మంటలో కలిసిపోతుంది.

ఖురానులోనూ నిప్పు ఒక్క నరకంలోనే లేదు. ఇబ్రాహీం ప్రవక్తను మంటలో వేస్తే ఆ మంట చల్లబడిన కథ ఉంది. మూసా ప్రవక్త చీకట్లో దూరాన నిప్పు చూసి, ఇంటివాళ్ల కోసం ఒక కొరివైనా తెద్దామని వెళ్లి అక్కడ పిలుపు విన్న కథ ఉంది. దేవుడి వెలుగును గూట్లోని దీపంతో పోల్చిన ఆయత్ ఉంది. షిర్డీ మసీదులో పడమటి గోడకు నింబర్ ఉంది. అక్కడ బాబా దీపాలు పెట్టేవాడు. కోమట్లు నూనె ఇవ్వకపోతే నీళ్లు పోసి వెలిగించాడన్న కథ అందరికీ తెలుసు. ఆ దీపాలు ఏ వైపు గోడకు వెలిగాయన్నది మాత్రం ఎవరూ చెప్పరు. మసీదులో పడమటి గోడంటే మక్కా వైపు గోడ.

ఒకే బూడిదకు రెండు భాషల్లో అర్థం ఉన్నప్పుడు ఒక భాషే పుస్తకాల్లోకి ఎక్కింది. రెండోది ఎందుకు ఎక్కలేదు? రాసేవాళ్లెవరు, వాళ్లకు తెలిసిన భాష ఏది అని చూస్తే చాలు. బాబా చుట్టూ చేరి రాసిన వాళ్లు ఎక్కువమంది చదువుకున్న బ్రాహ్మణ ఉద్యోగస్తులు, వకీళ్లు. రోజూ ఆయన దగ్గర ఖురాను చదివిన అబ్దుల్ నాందేడు నుంచి వచ్చిన పేద ఫకీరు. మసీదు ఊడ్చాడు, దీపాలు వెలిగించాడు. బాబా చెప్పగా విన్నవి ఒక నోటు పుస్తకంలో ఉర్దూలో రాసుకున్నాడు. ఆ నోటు పుస్తకం ఇంగ్లీషు చదువరుల దాకా రావడానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది. మారియాన్ వారెన్ సూఫీ కోణంలోంచి బాబాను చదివిన తన పుస్తకంలో దాన్ని చేర్చింది. బ్రాహ్మణ భక్తుడి ఓవీలు ఇంటింటి పారాయణ గ్రంథమైతే, ఫకీరు ఉర్దూ నోటు పుస్తకం పరిశోధకుల అనుబంధమైంది. ఈ దేశంలో ఏ జ్ఞాపకం గ్రంథమవుతుందో, ఏది చిత్తు కాగితమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ వద్దు.

1940ల్లో మద్రాసు కేంద్రంగా బి.వి. నరసింహస్వామి సాయి ప్రచారం మొదలుపెట్టాక ఆ ఫకీరు దక్షిణాదికి బాగా దగ్గరయ్యాడు. బాబా పుట్టింది పాథ్రీలో ఒక బ్రాహ్మణ ఇంట్లోనని నరసింహస్వామి రాశారు. పాథ్రీ కూడా నిజాం ఏలుబడిలోని ఊరే. పుట్టుక ఏమైనా కావొచ్చు. పెంచింది ఫకీరేనని ఆ కథే ఒప్పుకుంటుంది. అయినా పెంచిన చెయ్యి పోయి పుట్టిన ఇల్లు మిగులుతుంది. ఎందుకంటే మన దేశంలో మనిషి విలువ పుట్టుకలో ఉంది. బాబాకూ పుట్టుక వెతికిపెడితే గాని ఆయన్ని ఇంట్లోకి రానివ్వలేకపోయారు.

తెలుగులో ఎక్కిరాల భరద్వాజ 'సాయి లీలామృతం' ఇంటింటికీ చేరింది. 1986లో విజయచందర్ వేషంలో 'శ్రీ షిర్డీ సాయిబాబా మహత్యం' సినిమా వచ్చింది. 2012లో నాగార్జున 'షిర్డీ సాయి' అయ్యాడు. సచ్చరిత్రలో బాబా నోట పదేపదే వినిపించే మాట 'అల్లా మాలిక్'. గోడ మీది క్యాలెండర్లో కనిపించేది మాత్రం 'సబ్ కా మాలిక్ ఏక్'. రెండూ మంచి మాటలే. కానీ మొదటి దాంట్లో ఉన్న ఒక పేరు రెండో దాంట్లో లేదు. ఆ ఒక్క పేరు పోతేనే బొమ్మ గోడెక్కింది.

తమాషా ఏమిటంటే, ఇన్ని మార్పుల మధ్య ఒక్క మాట మాత్రం పోలేదు. ఊదీ. దాన్ని విభూతిగా మార్చడానికి ఎంత వీలున్నా తెలుగు భక్తులు ఊదీ అనే అంటున్నారు. మా దర్గాల్లో ఊదు వేసిన బూడిదను మేం పిలిచేదీ అలాగే. ఇల్లు పోయినా ఇంటి భాష నాలుక మీద మిగిలింది.

5

ఆ నిప్పు పక్కనుండే మనుషులు ఎలా పక్కకు జరిగారో చూద్దాం.

షిర్డీలో 1897లో ఉర్సు మొదలైంది. పూనుకున్నది గోపాలరావు గుండ్ అనే హిందూ ఉద్యోగి. సందల్ ఊరేగింపు తెచ్చింది కొరాలా ఊరి అమీర్ శక్కర్ దలాల్. హిందువు ఉర్సు చేయించాడు, ముస్లిం గంధం మోశాడు. ఆ రోజు శ్రీరామనవమి. 1912లో అదే ఉత్సవం శ్రీరామనవమి ఉత్సవమైంది. సందల్ ఆగలేదు. కానీ ఇంటి యజమాని పేరు మారింది. ఉర్సులో నవమి ఉన్నప్పుడు ఇద్దరిదీ పండగ. నవమిలో సందల్ మిగిలినప్పుడు ఒకరు అతిథి.

1918 అక్టోబరు 15న, విజయదశమి నాడు బాబా కన్నుమూశాడు. ఎక్కడ ఖననం చేయాలన్న తగవు వచ్చింది. ముస్లింలు బయలు జాగాలో సమాధి కట్టాలన్నారు. మిగతావాళ్లు బూటీ కట్టిస్తున్న వాడాలో పెట్టాలన్నారు. కోపర్‌గావ్ మామలతదారు సంతకాలు తీయిస్తే వాడాకు రెండింతలు వచ్చాయి. ఒక ఫకీరు సమాధి ఎక్కడుండాలన్నది ఓట్ల లెక్కతో తేలింది. చివరికి అందరూ ఒప్పుకున్నారని సచ్చరిత్ర చెబుతుంది. తక్కువ ఉన్నవాళ్లు ఒప్పుకోవడం అంటే ఏమిటో మాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

1922లో కోర్టు స్కీముతో సంస్థాన్ ఏర్పడింది. అబ్దుల్ బాబా సమాధిని ఊడుస్తూ, పూలు పెడుతూ అక్కడే ఉండిపోయాడు. 1954లో ఆయన చనిపోయాడు. అదే ఏడాది విజయదశమికి తాలిమ్ చెక్కిన పాలరాతి విగ్రహాన్ని సమాధి వెనక ప్రతిష్ఠించారు. ఈ రెంటికీ సంబంధం ఉందని మేం అనడం లేదు. కానీ ఒకే ఏడాదిలో ఆ చోట ఒక ఫకీరు వెళ్లిపోయాడు, ఒక విగ్రహం వచ్చి కూర్చుంది. నేడు వరసలో నిలబడే జనం ముందు చూసేది విగ్రహాన్ని. అది సమాధి అన్న సంగతి తర్వాత గుర్తొస్తుంది.

ధుని మాత్రం సమాధి మందిరంలోకి రాలేదు. మసీదులోనే ఉంది. నిప్పును ఎత్తుకుపోలేకపోయారు.

6

ఇదంతా పాత కథ, ఇప్పుడు తవ్వడం ఎందుకు అనే లౌకికవాద మిత్రులకు ఇటీవలి కథ గుర్తుచేస్తాం. 2014లో ద్వారకా శంకరాచార్య స్వరూపానంద సరస్వతి సాయిబాబా దేవుడు కాదన్నారు. ముస్లిం ఫకీరును హిందువులు పూజించరాదన్నారు. ఆ ఏడాదే ఛత్తీస్‌గఢ్‌లోని కవర్ధాలో జరిగిన ధర్మసంసద్ గుళ్లలోంచి సాయి విగ్రహాలు తీసేయాలంది. 2024 అక్టోబరులో వారణాసిలో కొన్ని గుళ్లలోంచి విగ్రహాలను నిజంగానే తీసేశారు. ఎనభయ్యేళ్లు కష్టపడి బ్రాహ్మణ పుట్టుక వెతికిపెట్టిన వాళ్ల శ్రమంతా ఒక్క మాటతో బూడిదైంది. 'వాడు చాంద్ మియా' అన్నారు. అయిపోయింది.

భక్తులు అప్పుడు ఎలా జవాబిచ్చారు? చాలామంది 'కాదు, ఆయన ముస్లిం కాదు' అన్నారు. అసలు జబ్బు ఇక్కడ ఉంది. ముస్లిం కాదు గనుక దేవుడు అన్నవాళ్లూ, ముస్లిం గనుక దేవుడు కాదు అన్నవాళ్లూ ఒకే తూకపురాయి వాడుతున్నారు. ముస్లిం అయితే పనికిరాడన్న దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. 'అవును, ఫకీరే. అయితే ఏమిటి?' అన్న గొంతులు ఎన్ని? ఆ జవాబు ధైర్యంగా చెప్పగలిగిన రోజున ధుని అర్థం సగం తెలిసినట్టే.

1992 డిసెంబరు 6న అయోధ్యలో ఒక మసీదును పలుగులతో కూల్చారు. అదే రోజు షిర్డీలో ఇంకో మసీదు ముందు జనం వరసలో నిలబడి ఉంటారు. కూల్చినవాళ్లలో ఎంతమంది జేబుల్లో ఊదీ పొట్లం ఉందో! 2002 నవంబరు 21న హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర బాంబు పేలి ఇద్దరు చనిపోయారు. ఆ చావులకు మేమూ ఏడ్చాం. బాంబు పెట్టినవాడికి ఏ మతమూ ఆసరా కాకూడదు. కానీ అలాంటి ప్రతి ఘటన తర్వాత బస్సుల్లో, ఆఫీసుల్లో మా గడ్డాల మీద, టోపీల మీద పడే చూపుల సంగతి కూడా చెప్పాలి. గుడిలో ఉన్న బొమ్మకూ గడ్డం ఉంది. ఆ గడ్డానికి హారతి, ఈ గడ్డానికి తనిఖీ.

షిర్డీ ఒక్కటే కాదు. కర్ణాటకలో బాబా బుడన్ గిరి గుహలో నందాదీపం ఎవరు వెలిగించాలన్నది 1990ల నుంచీ రగులుతున్న వివాదం. దాదా హయాత్ మీర్ ఖలందర్ అని ఒకరు, దత్తాత్రేయుడని ఇంకొకరు శతాబ్దాలపాటు ఒకే గుహలో మొక్కారు. అప్పుడు దీపం వెలిగించిన చెయ్యిది ఏ మతమని ఎవరూ అడగలేదు. ఇప్పుడు వెలుగు అక్కర్లేదు, అగ్గిపెట్టె హక్కు కావాలి.

7

ఇంత చెప్పి మా ఇంటివైపు చూడకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు.

షిర్డీ నిప్పు మనది కాదని మొదట చేతులు దులుపుకున్నది హిందూ వ్యాఖ్యాతలు మాత్రమే కాదు. మా మౌల్వీ సాబులూ అదే అన్నారు. మసీదులో నిప్పేమిటి, అది ఆతష్‌పరస్తీ, షిర్క్ అన్నారు. మనిషి కాళ్లకు మొక్కడమేమిటన్నారు. తౌహీద్ మాకూ ప్రాణమే. దేవుడొక్కడే అన్న మాట మీద మాకు రెండో అభిప్రాయం లేదు. కానీ నిప్పు ముందు కూర్చున్న ప్రతివాడూ నిప్పును పూజిస్తున్నట్టేనా? చలి కాచుకునే వాడిది ఏ మతం? రోజుకు వందసార్లు 'అల్లా మాలిక్' అన్న నోరు నిప్పును మాలిక్ అనలేదు.

ఈ తిరస్కారంలో కులం వాసన కూడా ఉంది. పీర్లెత్తేది ఎవరు? దూదేకులవాళ్లు, ఫకీర్లు, దర్గా ముజావర్లు, ఊరి పేద సాయిబులు. షేకు, సయ్యదు, మొగలు, పఠాను అని లెక్కపెట్టేటప్పుడు వాళ్లు ఏ మూలనుంటారో మాకు తెలుసు. తెలుగే మాట్లాడతారని, నమాజు సరిగా రాదని పట్నపు సాబులు వాళ్లను సగం ముస్లింలుగా చూశారు. జమాతులు ఊరూరా తిరిగి గుండాలు పూడ్చమన్నాయి, పీర్లను పెట్టెలో దాచమన్నాయి. కొన్నిచోట్ల పూడ్చారు కూడా. గుండం పూడ్చిన చోట మిగిలిందేమిటి? ఊళ్లో మాదిగ, మంగలి, కాపు, సాయిబు ఏడాదికోసారి ఒకే మంట చుట్టూ తిరిగే చోటు పోయింది. ఆ చోటు పోయాక ఒకరి పండగ ఇంకొకరికి భయమైంది.

మొహర్రం గుండం పదిరోజులు మండి మట్టి కప్పుకుంటుంది. షిర్డీ ధుని ఏడాది పొడుగునా మండుతుంది. కానీ రెండూ ఒకే బీదతనం నిప్పులు. ఒకదాన్ని మావాళ్లు పరాయిదని పూడుస్తుంటే, ఇంకొకదాన్ని అవతలివాళ్లు తమదేనని కంచె వేసుకున్నారు. మధ్యలో ఫకీరు నిలబడ్డాడు. ఆయనకు ఇటు దీన్ లేదన్నారు, అటు కులం వెతికారు.

షిర్డీకి ఒక రోహిల్లా వచ్చి రాత్రంతా గొంతెత్తి కలిమా చదివేవాడట. ఊరివాళ్లు నిద్ర పాడవుతోందని ఫిర్యాదు చేశారు. బాబా రోహిల్లా పక్షం వహించాడు, అతని అరుపు తనకు హాయిగా ఉందన్నాడు. అదే మసీదులో భజన జరిగితే కాదనలేదు. హండీలో వండిన పలావుకు మౌల్వీ చేత ఫాతిహా చదివించి పంచాడు. మాంసం ముట్టనివాళ్లకు విడిగా వండించాడు. ఒకరి నోరు నొక్కి ఇంకొకరికి శాంతి కొనలేదు. నేడు లౌడ్‌స్పీకర్ల మీద జరిగే తగాదాలన్నిటికీ జవాబు ఆ రోహిల్లా కథలో ఉంది. చదివేదెవరు?

8

ఆరని నిప్పు అంటే ఏమిటి? నిప్పు తనంతట తాను ఆరకుండా ఉండదు. ఎవరో ఒకరు లేచి కట్టె వేయాలి. రాత్రి వేయాలి, వానలో వేయాలి, ఒంట్లో బాగోలేని రోజునా వేయాలి. ఆరని నిప్పు వెనక ఉండేది నిద్రపోని ఒక చెయ్యి. మహిమ ఉంటే ఆ చేతిలో ఉంది.

ఆ నిప్పులో వేప కట్టె పడుతుంది, తుమ్మ కట్టె పడుతుంది, ఎక్కడి మొద్దో పడుతుంది. బూడిదయ్యాక ఇది వేప బూడిద, ఇది తుమ్మ బూడిద అని వేరుచేసి చూపించగల మనిషి లేడు. పొట్లం కట్టేవాడికీ తెలియదు, నుదుట పూసుకునేవాడికీ తెలియదు. షిర్డీ ధుని మాకు నేర్పే తత్వం ఇదే. కాలినాక కులం లేదు, మతం లేదు. కానీ కాలకముందు ఎవరు ఏ కట్టె అన్నది దాచక్కర్లేదు. వేపను వేప అనడానికి సిగ్గుపడనక్కర్లేదు. మసీదును మసీదు అంటే ఊదీ మహిమ తరిగిపోదు.

కాబట్టి నిప్పును మాకు తిరిగిచ్చేయమని మేం అడగడం లేదు. నిప్పుకు వాటాలుండవు. ఒక దీపం నుంచి వంద దీపాలు వెలిగించినా మొదటి దీపానికి లోటు రాదు. మా కోరిక ఒక్కటే. పారాయణ చేసేటప్పుడు అబ్దుల్ పేరు కూడా చదవండి. భాగోజీ పేరు చదవండి. ఫాతిహా చదివిన మౌల్వీని, గంధం మోసిన అమీర్ శక్కర్‌ను పుటల్లోంచి తీసేయకండి. ఆ కట్టడం ముందు నిలబడి మీ పిల్లాడు ఇదేమిటని అడిగితే, ఇది మసీదు నాన్నా అని చెప్పండి. ఒక ఫకీరు ఇక్కడ నిప్పు వెలిగించి, దాని బూడిద అందరికీ పంచాడని చెప్పండి.

ఆ మాట విన్న పిల్లవాడు పెద్దయ్యాక ఏ మసీదు మీదా పలుగెత్తడు. ఊదీ నిజంగా పనిచేసినట్టు మేం అప్పుడు నమ్ముతాం.